పొడుగు మరిది వాటా

అఖ్‌బోత లేచి నిలబడి, "ఆడ పురుగు వాసన పట్టించిన గొట్టాన్ని చెట్టుకొకటి చొప్పున కట్టుకోండి, కాయ పురుగు పీడ వదిలిపోతుంది" అనగానే తోటల సంఘం గది గొల్లుమంది. వెనక బెంచీ మీదివాళ్ళు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. కుల్యాష్ నవ్వలేదు, తల దించుకోనూ లేదు. ఒళ్ళోని గుడ్డసంచి సర్దుకుని, నవ్వుతున్న మొహాలను ఒక్కొక్కటే చూసి మనసులో రాసుకుంది. అందరూ ఎల్లుండి తన ఇంటికి విందుకు రావలసినవాళ్ళే. వాళ్ళు నవ్వుతున్నది మాత్రం తన కోడలిని చూసి.

"మా ఆవిడ బతికుండగా నా తోటలో ఇంకో ఆడవాసనా? నన్ను గడప దాటనిస్తుందా అమ్మాయ్?" అన్నాడు ఒకాయన.

"మీకోసం కాదు బాబాయ్, పురుగు కోసం" అంది అఖ్‌బోత. పట్నంలోని పంటల రక్షణ కేంద్రంలో పురుగుల పని ఆమెది. ఇలాంటి వేళాకోళాలు ఆమెకు కొత్త కాదు. "పొద్దుగూకే వేళ ఆడ పురుగు కొమ్మ చివర కూర్చుని, తోక కాస్త పైకెత్తి వాసన వదులుతుంది. అదే దాని పిలుపు. మగది నాలుగు తోటల అవతలున్నా ఆ వాసన మీసాలకు తగిలితే చాలు, గాలికి ఎదురొచ్చేస్తుంది. మనం తోటంతా అదే వాసన నింపామనుకోండి, దానికి ఎటు పోవాలో తెలియదు. జత కుదరదు, గుడ్డు ఉండదు, కాయలో పురుగూ ఉండదు. కాకపోతే వీధిలో అందరూ కట్టాలి. ఒక్క తోట వదిలేసినా అక్కడ జతకట్టిన ఆడ పురుగు కాయల వాసన పట్టుకుని అందరి చెట్ల మీదికీ వస్తుంది."

"అయిందా?" అన్నాడు సంఘం పెద్ద తోలెగెన్. కూర్చుంటేనే నిలబడ్డవాళ్ళంత ఎత్తుంటాడు. "ఇక నా మాట వినండి. పోయినేడు మన అపోర్ట్ ఆపిల్ కాయల్లో సగానికి సగం పుచ్చులే. కొనడానికి వచ్చినవాడు నాలుగు కాయలు కోసి చూసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆదివారం దాకా చూస్తాను. పెట్టెల్లో పురుగు ఇలాగే పడుతూంటే పాత చెట్లన్నీ కొట్టించేసి పొట్టి మొక్కలు వేయిస్తాను. రంపం బండివాడితో మాట్లాడేశాను. పిందె మీద ఉండగానే కొట్టెయ్యాలి, కాయ ఎర్రబడ్డాక మనకే మనసు రాదు."

కుల్యాష్‌కు తన పెరడు గుర్తొచ్చింది. ఆమె ఇంటి వెనక అయిదు అపోర్ట్ చెట్లున్నాయి. కోడలిగా ఈ ఇంటికి వచ్చిన రోజు పాట పాడుతూ పెద్దలు ఆమె ముసుగు తొలగించింది మొదటి చెట్టు కిందే. ముసుగు తీయగానే మొట్టమొదట ఆమెకు కనబడింది మొగుడి మొహం కాదు, తలమీద వేలాడుతున్న చంటిపిల్లవాడి తలంత కాయ. మొగుణ్ణి తర్వాత చూసింది, కొంచెం నిరాశ కూడా పడింది.

"మరిదీ, ఆ చెట్లు నీకంటే పెద్దవి" అంది లేచి.

"పెద్దవి గనకే పురుగుల్ని మేపుతున్నాయి వదినా" అన్నాడు తోలెగెన్.

వరసకు ఆయన ఆమె భర్తకు తమ్ముడు. మెట్టినింటి మగవాళ్ళ పేర్లు కోడళ్ళు నోటితో పలకరు, ఏదో ఒక పేరు తామే పెట్టుకుంటారు. కుల్యాష్ ఆయనకు ఎప్పుడో 'పొడుగు మరిది' అని పెట్టింది, ఇప్పుడు ఊరంతా అదే అంటుంది.

మర్నాడు సాయంత్రం అఖ్‌బోత అత్తగారిని మొదటి చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, కొమ్మకు వేలాడే తెల్ల అట్టపెట్టె దించింది. చిన్న గుడారంలా మడిచిన పెట్టె, అడుగున జిగురు, మధ్యలో రవ్వంత వాసన పూసిన రబ్బరు బిళ్ళ. పురుగు లెక్క కోసం వీధిలో ప్రతి తోటలోనూ ఇలాంటిది ఒకటి కట్టింది. జిగురంతా రెక్కలే. కుల్యాష్ నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుని చూసింది. బూడిదరంగు పురుగులు, రెక్కల చివర రాగిరంగు మచ్చ.

"అన్నీ మగవేనా?"

"అన్నీ మగవే అత్తయ్యా. పెళ్ళికూతురు ఉందనుకుని వచ్చి జిగురులో పడ్డాయి."

"అయ్యో పాపం" అంది కుల్యాష్. వెంటనే తమ కాయలు తినేది వీటి సంతానమేనని గుర్తొచ్చింది. "పాపమేంటిలే, బాగా అయింది. ఇంతకీ ఆ కట్టే సరుకు ఎక్కడ పెట్టావు?"

"కింద నేలమాళిగలో. చల్లగా లేకపోతే వాసన ఎగిరిపోతుంది. వీధి మొత్తానికి సరిపడా తెచ్చాను. ఎవరూ కట్టకపోతే సోమవారం వెనక్కి ఇచ్చేయాలి." ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. పదిమందిలో నిలబడి నవ్వుతూ జవాబిచ్చిన పిల్ల, అత్తగారి ముందు అంతసేపు నిలవలేకపోయింది. కుల్యాష్ కోడలి భుజానికి అంటిన ఎండుటాకు తీసి పారేసింది.

ఇంట్లో కుల్యాష్ భర్త ఒరిన్‌బసార్ మనవణ్ణి మోకాళ్ళ మీద ఊపుతున్నాడు. అల్దియార్‌కు ఏడాది నిండింది. గోడ పట్టుకుని నిలబడతాడు, చెయ్యి వదిలితే చతికిలబడతాడు. రేపు వాడి కాళ్ళ తాడు కోసే వేడుక. నల్ల దారం, తెల్ల దారం పేనిన తాడును కాళ్ళకు కట్టి, మంచి మనిషి ఎవరైనా దాన్ని కోస్తే బిడ్డ అడుగులు సాగుతాయి. కోసినవాళ్ళ గుణమే బిడ్డకు వస్తుందని నమ్మకం.

"తాడు కోసే పని తమ్ముడికి ఇవ్వలేదని వాడికి కోపంగా ఉందటే" అన్నాడు ఒరిన్‌బసార్. "విందుకు రాడట."

"పక్కింటి రౌషన్‌కు ఇచ్చాను. ఊళ్ళో ఎవరింట పనున్నా ముందుండే మనిషి. పొడుగు మరిది అడుగు తీసి అడుగు వేసేలోపు టీ చల్లారిపోతుంది. నా మనవడు అలా నడవాలా?"

"ఆ మాట వాడి చెవిన పడింది."

"ఎలా పడింది?"

"నువ్వు రొట్టెల దుకాణంలో అన్నావు కదా, ఇంకెలా పడాలి?"

కుల్యాష్ కలుపుతున్న పిండిని ఇంకాస్త గట్టిగా పిసికింది. అనకుండా ఉండవలసింది. కానీ అన్నమాట నోట్లోకి తిరిగి రాదు, బౌర్సాక్ రొట్టెలు వేయించే నూనె అవతల కాగిపోతోంది.

విందు రోజు పెరడంతా జనం. కోడలిని చూసి నవ్వినవాళ్ళు కూడా వచ్చారు, మాంసం పళ్ళేలు వరసగా ఖాళీ చేశారు, కుల్యాష్ మనసులో రాసుకున్నది మర్చిపోయి మళ్ళీ మళ్ళీ వడ్డించింది. రాని మనిషి ఒక్కడే. ఆయన కోసం అట్టిపెట్టిన చోటులో ఎవరూ కూర్చోలేదు.

తాడు కోయడానికి ముందు శాషు గిన్నెలు నింపాలి. శాషు అంటే పిల్లవాడి మీద చల్లే మిఠాయిలు, వాటి దగ్గర కుల్యాష్ చెయ్యి ఎప్పుడూ పెద్దది. చాక్లెట్లు కరగకుండా ఆమె కూడా నేలమాళిగలోనే పెట్టింది. తొందర తొందరగా మెట్లు దిగింది. లోపల మసక చీకటి. కళ్ళద్దాలు ఎప్పటిలాగే నుదుటి మీద ఉన్నాయి. జామ్ సీసాల పక్కన ఒకదానిమీద ఒకటి రెండు అట్టపెట్టెలు. మూతలు లాగి చెయ్యి పెడితే రెండింట్లోనూ తళతళలాడే రేకు పొట్లాలు. కొడుకు ఇన్ని కొన్నాడా అని మురిసిపోయి, మూడు గిన్నెలూ పొర్లేలా నింపింది. పెట్టెల్లో ఇంకా మిగిలితే పిసినారితనంలా ఉంటుందని చివరిది కూడా బోర్లించేసింది.

రౌషన్ తాడు కోసింది. అమ్మమ్మలు, బామ్మలు, అత్తలు గిన్నెలు పట్టుకుని ఒక్కసారిగా చల్లారు. ఎండలో రేకులు మెరుస్తూ పిల్లల తలల మీద, ముసలాళ్ళ టోపీల మీద పడ్డాయి. జనం అరుస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ ఏరుకున్నారు. శాషు ఏరుకుని ఇంటికి తీసుకెళితే ఆ ఇంట్లోనూ అలాంటి వేడుక జరుగుతుంది. అందుకని మనవలు లేనివాళ్ళు రెండు చేతులా ఏరారు.

"ఇదేంటే, నాది రబ్బరు గొట్టం!" అంది ఒక పిల్ల పొట్లం చింపి.

"నాదీ రబ్బరే!"

"ఏదైతేనేం, శాషు శాషే. నోట్లో పెట్టకు, జేబులో పెట్టు" అంది వాళ్ళమ్మ.

ఇంతకీ వేడుక ఎవరికోసమో ఆ అల్దియార్, రౌషన్ చేతులు వదలగానే గడ్డిలో చతికిలబడి, దగ్గర్లో ఉన్న రేకు పొట్లం పట్టుకుని, కదలనన్నాడు. ఎంతమంది చేతులు చాపినా లేవలేదు. జనం నవ్వారు, దీవించారు, "ఇవాళ కాకపోతే రేపు" అన్నారు. కుల్యాష్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు ఒకసారి చూసింది.

గిన్నెలు కడుగుతున్నప్పుడు అఖ్‌బోత నేలమాళిగలోంచి ఖాళీ పెట్టె పట్టుకుని పైకి వచ్చింది.  కుల్యాష్ పెట్టె వైపు చూసింది, కోడలి మొహం చూసింది, నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకుంది.

"అందులోది మిఠాయి కాదా?"

"కాదు అత్తయ్యా."

"నేను ఊరందరి నెత్తిన ఆడ పురుగు వాసన చల్లానా?"

అఖ్‌బోత కింద కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని కుల్యాష్ దగ్గరికి పరిగెత్తింది. దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వుతోంది, నవ్వులో కన్నీళ్ళూ ఉన్నాయి. అత్తకు కూడా ఆగలేదు. ఇద్దరూ కడగని గిన్నెల మధ్య కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. ఒరిన్‌బసార్ తలుపులోంచి తొంగి చూసి, ఏం కొంప మునిగిందో అడగకుండానే వెళ్ళిపోయాడు.

నవ్వు ఆగాక భయం మొదలయింది. సరుకు వెనక్కి ఇవ్వాలి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఎవరూ ఇవ్వలేదు.

"శాషు వెనక్కి అడుగుతారా కుల్యాష్ అక్కా? మీ ఇంటి ఆనవాయితీ ఏమన్నా మారిందా?" అంది రౌషన్. ఆమె తనకు దొరికిన గొట్టాల్లో ఒకదాన్ని కారు అద్దానికి వేలాడదీసింది. "నా కోడలికి కాన్పు అయ్యేదాకా ఇది ఇక్కణ్ణించి కదలదు."

ఇంకొకావిడ దిండు కింద పెట్టుకుంది. ఒకాయన టోపీ అంచులో దోపుకున్నాడు. నాలుగో ఇల్లు దాటాక కుల్యాష్ దారిలో ఆగిపోయింది.

"అమ్మాయ్, ఆ గొట్టాలు చెట్టుకు ఎక్కడ కట్టాలన్నావు?"

"పైకొమ్మల్లో. ఎంత ఎత్తుంటే అంత మంచిది. ఎందుకు?"

"నువ్వు ఇంటికెళ్ళి పిల్లాడికి పాలు పట్టు" అంది కుల్యాష్. తలగుడ్డ బిగించి కట్టుకుని అయిదో ఇంటి తలుపు తట్టింది.

"మీ శాషు వెనక్కి అడగడానికి రాలేదమ్మా. మనవడు చతికిలబడ్డాడు కదా, చూశారుగా. అడుగు ఆలస్యమైన బిడ్డ శాషు ఇంట్లో పెట్టుకుంటే వాడూ ఇంట్లోనే కూర్చుంటాడు. ఆపిల్ చెట్టుకు కట్టాలి. ఎంత ఎత్తున కడితే వాడు అంత తొందరగా లేచి నిలబడతాడు."

"ఇది ఎప్పటి ఆచారం? నేనెప్పుడూ వినలేదే!"

"మా పుట్టింటిది" అంది కుల్యాష్, కళ్ళు ఆర్పకుండా. అబద్ధమాడానని మనసు ఒకసారి గుచ్చింది. వచ్చే ఏటికి ఇది పాత ఆచారమే అవుతుందిలే అని దానికి సర్దిచెప్పింది. నిజానికి సగం తనే నమ్మడం మొదలుపెట్టింది కూడా.

పురుగు కోసం కట్టమంటే నవ్విన ఊరు, పిల్లవాడి కాళ్ళ కోసమంటే నిచ్చెనలు తీసింది. మధ్యాహ్నానికి వీధి పొడుగునా చెట్లెక్కిన మనుషులే. 'మా ఆవిడ గడప దాటనిస్తుందా' అన్న పెద్దమనిషి అందరికంటే ఎత్తున ఉన్న కొమ్మకు కట్టి, దిగడానికి భయపడితే, ఆ ఆవిడే వచ్చి నిచ్చెన పట్టుకుంది. అఖ్‌బోత గుమ్మంలో పిల్లవాడిని ఎత్తుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం, ఆదివారం లెక్క కోసం తోలెగెన్ తోటతో సహా వీధిలోని పెట్టెలన్నిట్లోనూ కొత్త జిగురు అట్టలు వేసి వచ్చి, అత్తగారికి మొదటి టీ గిన్నె రెండు చేతులా అందించింది.  పైన మీగడ మామూలు కంటే ఎక్కువ వేసింది.

ఆదివారం పొద్దున్న తోలెగెన్ తన తోటలోని అట్టపెట్టెను గాలిలో ఊపుకుంటూ సంఘం గదికి వచ్చాడు. బల్ల మీద పెట్టి తెరిచాడు. జిగురు కనబడడం లేదు, అన్నీ పురుగులే.

"చూశారా? చెప్పానా? రంపం బండికి కబురు పెట్టండి."

 రౌషన్ తన పెట్టె తెచ్చి పక్కన పెట్టింది. జిగురు శుభ్రంగా ఉంది, మధ్యలో ఒక దోమ మాత్రం పడింది. ఇంకొకరు తమది పెట్టారు. ఇంకొకరు. బల్ల నిండా తెల్ల పెట్టెలు, అన్నీ ఖాళీ.

"ఇదెలా?" అన్నాడు తోలెగెన్.

అఖ్‌బోత లేచింది. గొంతులో సంతోషం దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. "సంతలో పదిమంది ఒకేసారి మీ పేరు పెట్టి పిలిస్తే ఎటు తిరుగుతారు మామయ్యా? మా తోటల్లో మగ పురుగు పరిస్థితి అది. గాలి నిండా పిలుపే, పెళ్ళికూతురు ఎక్కడుందో తెలియదు. అక్కడి పెట్టెలో బిళ్ళ పిలిచినా వినబడదు. పిలుపు పిలుపులా వినబడేది మీ తోటలో ఒక్కచోటే."

"అంటే వీధిలో బ్రహ్మచారులందరూ పొడుగు మరిది ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళారన్నమాట!" అంది రౌషన్.

ఈసారి గది గొల్లుమన్నది అఖ్‌బోతను చూసి కాదు. తోలెగెన్ చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె మూసి చంకలో పెట్టుకుని, తన మామూలు నడకతో, ఎవరివంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. కుల్యాష్ అందరితోపాటు నవ్వడం మొదలుపెట్టింది గాని, ఆ వంగిన వీపు చూసి నవ్వు సగంలో ఆగింది.

"అత్తయ్యా, ఆయన కట్టకపోతే మనది నిలవదు" అంది అఖ్‌బోత ఇంటికి వస్తూ. "అక్కడ జతకట్టినవన్నీ రేపు మన పిందెల మీదికే వస్తాయి. సంఘం పెద్ద కూడా ఆయనే, రంపం ఆయన చేతిలోనే ఉంది."

"సంఘంలో అందరి ముందూ వద్దన్న మనిషి, ఇప్పుడు ఎలా అడుగుతాడు?" అంది కుల్యాష్. ఆ రోజంతా ఆమెకు ఏ పని మీదా ధ్యాస నిలవలేదు. ఆయన అడగలేడు. తను వెళ్ళి ఇస్తే పుచ్చుకోడు. రొట్టెల దుకాణంలో నోరు జారిన రోజును తలుచుకుని తనను తాను తిట్టుకుంది.

ఎండ కొండ మీదికి జారుతూండగా గేటు దగ్గర దగ్గు వినబడింది. తోలెగెన్ గేటు మీంచి తల పెట్టి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"వదినా" అన్నాడు, చెట్లవంక చూస్తూ. "ఆ గొట్టాలూ వాసనలూ నాకు తెలియవు. వాటి సంగతి నేను అడగడం లేదు. కానీ నా అన్న మనవడి శాషు ఊరందరికీ ముట్టింది. నా వాటా ఏది?"

కుల్యాష్ గుండె ఒక్కసారిగా తేలికయింది. ఎంత చక్కగా అడిగాడు!

"రాని మనిషికి వాటా ఎక్కడిది?" అంది, పైకి కోపంగా.

"పిలిచిన తీరును బట్టి వస్తారు."

"మరిదీ, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?"

"టీ చల్లారిపోయే మాట."

"అది నిజమే వదినా. నిజం కాకపోతే నాకు కోపం ఎందుకొస్తుంది?"

ఆమె గేటు తెరిచి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఇంట్లో ఒక్క గొట్టం కూడా మిగల్లేదు. మనవడు ఆ రోజు గడ్డిలో పట్టుకున్న పొట్లం మాత్రం తన తలగుడ్డ కొనకు ముడేసుకుంది. ఆ ఒక్కటీ ఆయన తోటకు ఏమూలకు? గోడ ఎక్కి అవతలికి కేకేసింది. "రౌషన్! కారు అద్దానికున్నది పట్టుకురా! అందరికీ చెప్పు, దిండ్ల కిందివి, టోపీల్లోవి, చింపని పొట్లాలు దాచుకున్నవాళ్ళు ఉంటే అవీ. పొడుగు మరిది శాషుకు వచ్చాడు!"

ఆ కేక వీధి చివరిదాకా పాకింది. దాచుకున్నవి ఇన్ని ఉన్నాయని ఎవరూ అనుకోలేదు. చెట్లకు కట్టగా మిగిలినవి, రేపటికి ఉంటాయని మూటగట్టినవి, పిల్లలు మార్పిడికి పెట్టుకున్నవి గుప్పెళ్ళతో వచ్చాయి. అంత పొడుగు మనిషి తల మీద పడేలా చల్లడానికి ఆడవాళ్ళు బెంచీ ఎక్కారు. తోలెగెన్ టోపీ తీసి పట్టుకుని, వేడుకలో నిలబడ్డ బిడ్డలా కదలకుండా నిలబడ్డాడు. రేకు పొట్లాలు ఆయన భుజాల మీంచి జారి బూట్ల చుట్టూ రాలాయి.

అప్పుడు బెంచీ పట్టుకుని నిలబడి ఉన్న అల్దియార్ చెయ్యి వదిలేశాడు.

ముందు అఖ్‌బోత చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఆగిపోయారు. వాడు మెరుస్తున్న రేకుల వంకే చూస్తూ, చేతులు రెండూ పైకెత్తి, ఒక అడుగు వేశాడు. ఊగాడు. పడలేదు. ఇంకొకటి వేశాడు. ఇంకొకటి. చివరికి తోలెగెన్ బూటును గట్టిగా కావలించుకుని, పైకి చూసి నవ్వాడు.

పెరడు దద్దరిల్లింది. ఒరిన్‌బసార్ ఏడ్చేశాడు. రౌషన్ మళ్ళీ మళ్ళీ, "కోసింది నేనే, కోసింది నేనే" అంటోంది.

"నువ్వు కోశావు, వచ్చింది మాత్రం నా దగ్గరికి" అన్నాడు తోలెగెన్. వంగి, పిల్లవాడిని ఎత్తుకుని, మెడమీద కూర్చోబెట్టుకున్నాడు. ఆయన టోపీ చుట్టూ దారి తప్పిన పురుగు ఒకటి తిరగడం మొదలుపెట్టింది, రాగిమచ్చ రెక్కలతో.

"చూశావా మరిదీ, నీకు కూడా సంబంధం వచ్చింది" అంది కుల్యాష్ కళ్ళు తుడుచుకుంటూ. నవ్వు సర్దుకున్నాక, గుండె చిక్కబట్టుకుని అడిగింది. "మరి చెట్ల సంగతేమిటి?"

"ఏ చెట్లు?" అన్నాడు ఆయన. కింద పడ్డ పొట్లాలన్నీ టోపీలోకి ఏరించుకున్నాడు. "ఎంత ఎత్తున కట్టాలన్నావు వదినా? నాకు నిచ్చెన కూడా అక్కర్లేదు" అని, మెడమీద మనవడితో గేటు దాటి తన తోట వైపు బయలుదేరాడు. వెనకాల ఊరంతా నడిచింది. పొడుగు మరిది అంత తొందరగా నడవడం కుల్యాష్ ఎన్నడూ చూడలేదు.